దురద ఎందుకు పుడుతుంది? మాస్ట్ కణాల సంగతి

ఈ వానాకాలం మా హాస్టల్లో ముగ్గురికి తామర వచ్చింది. మొదట వచ్చింది నాకే కాబట్టి సిగ్గు విడిచి రాస్తున్నాను. నడుము దగ్గర గుండ్రంగా ఎర్రటి మచ్చ, ఒకటే దురద. ఎవరికీ చూపించలేక మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో దురద ఆగింది. మూడు వారాలకు మచ్చ అరచేయంత అయింది! దురద తగ్గితే జబ్బు పెరగడమేమిటి? మా జువాలజీ మేడమ్‌ని అడిగితే, "ముందు మాస్ట్ కణాల గురించి చదువు" అన్నారు. చదివి తెలుసుకున్నది మీకూ చెబుతున్నాను.

తామర అంటే మన తెలుగులో పువ్వూ అదే, ఈ చర్మవ్యాధీ అదే. ఇక్కడ తమిళంలో 'పడర్ తామరై' అంటారు, అంటే పాకే తామర. నిజంగానే పాకుతుంది. దీనికి కారణం ఒక శిలీంధ్రం, అంటే బూజు జాతిది. మన చర్మం పైపొరలో ఉండే కెరాటిన్ దాని తిండి. చెమట, తడిబట్టలు ఉన్నచోట బాగా పెరుగుతుంది.

దీన్ని మన ఒళ్ళు ఊరికే చూస్తూ ఉండదు. చర్మంలో, ఊపిరి వెళ్ళే దారుల్లో, పేగుల గోడల్లో, అంటే బయటి ప్రపంచం మనల్ని తాకే చోటల్లా మాస్ట్ కణాలు ఉంటాయి. రక్తనాళాల పక్కన, నరాల కొసల దగ్గర కాచుకుని ఉంటాయి. పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1878లో తన పరిశోధన వ్యాసంలో వీటిని వర్ణించి ఆ పేరు పెట్టాడు. కణం నిండా రేణువులు కనబడితే బాగా మేసి బలిసిన కణాలు అనుకున్నాడు. జర్మన్‌లో 'మాస్ట్' అంటే మేపడం. ఆ రేణువులు తిండి కావనీ, హిస్టమిన్ లాంటి రసాయనాల మూటలనీ తర్వాత తెలిసింది.

మా గేటు దగ్గరుండే వాచ్‌మన్ తాతను తలచుకోండి. దొంగ వస్తే తాత ఒక్కడే కలబడడు. విజిల్ ఊదుతాడు, గేటు తెరుస్తాడు, పదిమందిని పిలుస్తాడు. మాస్ట్ కణం చేసేదీ దాదాపు ఇదే.

మొదట గుర్తుపట్టడం. శిలీంధ్రం గోడలో బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసులు ఉంటాయి. మన కణాల్లో అవి ఉండవు. మాస్ట్ కణం మీద డెక్టిన్-1 అనే గ్రాహకం ఉంటుంది. అది ఆ గొలుసును పట్టుకోగానే, వచ్చింది పరాయిదని తెలిసిపోతుంది.

తర్వాత విజిల్. రేణువులు నిమిషాల్లో పగిలి హిస్టమిన్ బయటికి వస్తుంది. దగ్గరి రక్తనాళాలు వెడల్పై, వాటి గోడలు వదులవుతాయి. అదే గేటు తెరవడం. చర్మం ఎర్రబడి వాస్తుంది. హిస్టమిన్ నరాల కొసలను తాకితే దురద పుడుతుంది.

చివరికి పిలుపు. కొన్ని గంటల్లో మాస్ట్ కణం కొత్త సంకేత రసాయనాలు తయారుచేసి వదులుతుంది. వాటి జాడ పట్టి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వస్తాయి. శిలీంధ్రాన్ని మింగి చంపే పని ఎక్కువగా వాటిదే. కాండిడా అనే మరో శిలీంధ్రంతో ప్రయోగశాలలో చేసిన పరిశీలనల్లో ఈ వరుస కనిపించింది.

అయితే వాచ్‌మన్ అతిగా విజిల్ ఊదినా కష్టమే. ఉబ్బసం ఉన్న కొందరిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు వల్ల వచ్చే ఎలర్జీలో మాస్ట్ కణాలకూ పాత్ర ఉంది.

ఇక నా ట్యూబు దగ్గరికొస్తాను. అందులో బూజును చంపే మందుతో పాటు క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ కూడా కలిపి ఉంది. స్టెరాయిడ్ మాస్ట్ కణాలతో సహా ఈ కాపలా మొత్తాన్ని జోకొడుతుంది. ఎరుపు, వాపు, దురద తగ్గుతాయి. మనం తగ్గిందనుకుంటాం. అడ్డు లేని బూజు తీరిగ్గా పాకుతుంది. మచ్చ రూపం కూడా మారిపోయి డాక్టర్లకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నాకు అమ్మినవాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! ట్యూబు కొనేముందు దానిమీది పేర్లు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్ కనిపిస్తే సొంతంగా రాసుకోకండి. చర్మ డాక్టరుకు చూపించండి. మచ్చ పోయినా, చెప్పినన్ని రోజులూ మందు వాడండి. తువ్వాళ్ళు, లోబట్టలు ఒకరివి ఒకరు వాడకండి, ఎండలో ఆరేయండి. సిగ్గుపడి దాచుకుంటే లాభం బూజుకే.

నాది ఇప్పుడు తగ్గుతోంది. మా ముగ్గురి తువ్వాళ్ళూ మేడమీద మూడు వేరువేరు తీగల మీద ఆరుతున్నాయి.