ఇవ్వని అప్పుకు లెక్క ఏది?

ఇల్లు కట్టుకోవడానికో, ఉన్న ఇంటికి స్లాబు వేయించుకోవడానికో బ్యాంకులో అప్పు అడిగిన విశ్వాసులు తిరిగి వచ్చి తరచు చెప్పే మాట ఒక్కటే: "కుదరదన్నారండీ." ఎవరన్నారు, ఎందుకన్నారు అంటే చూపించడానికి కాగితం ఉండదు. అమలాపురంలోనైనా రాజోలు, కొత్తపేట వైపైనా ఇదే తంతు.

బ్యాంకులు ఇచ్చిన అప్పులకు మన దేశంలో లెక్కలు బాగానే ఉన్నాయి. 40 శాతం ప్రాధాన్య రంగాలకు, 12 శాతం బలహీన వర్గాలకు వెళ్లాలని రిజర్వ్ బ్యాంకు నియమం. ఆ వర్గాల్లో ఎస్సీ, ఎస్టీలతో పాటు క్రైస్తవులు సహా మైనారిటీలూ ఉన్నారు. బ్యాంకర్ల సమావేశాల్లో ఈ అంకెలు చదువుతారు. కానీ అడిగి లేదనిపించుకున్నవారు ఎందరో, ఎవరో ప్రజల ముందుకు రాదు.

అమెరికాలో ఇల్లు కొన్న మన పిల్లలను అడగండి. అప్పు దరఖాస్తులో జాతి ఏమిటని అడిగే పేజీ ఒకటి ఉంటుంది. అది చూసి కొందరు నొచ్చుకుంటారు కూడా. నిజానికి అది వివక్షను పట్టుకోవడానికి పెట్టిన పేజీ. అక్కడ 1975లో గృహరుణాల వివరాలు వెల్లడించే చట్టం వచ్చింది. 1988లో అట్లాంటా పత్రిక ఒకటి ఆ లెక్కలు తిరగేసి, ఆదాయం సమానంగా ఉన్నా తెల్లవారి పేటలకు వెళ్లినన్ని అప్పులు నల్లవారి పేటలకు వెళ్లడం లేదని బయటపెట్టింది. మరుసటి ఏడాదే చట్టాన్ని సవరించి, దరఖాస్తుదారుల జాతి, ఆదాయం, దొరికిన జవాబు కూడా నమోదు చేయమన్నారు. కాదన్న దరఖాస్తులు కూడా, పేర్లు లేకుండా, ఎవరైనా చూడవచ్చు. సంచిలో రెండు రకాల తూకపు రాళ్లు ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం చెబుతుంది. రాళ్లు రెండున్నాయని అక్కడ తెలిసింది ఇలా లెక్క రాసినందువల్లే.

మనకు అలాంటి చట్టం లేదు. నియమాలు మాత్రం ఉన్నాయి, అడిగేవారే తక్కువ. కులం, మతం, స్త్రీ పురుష భేదం చూసి అప్పు విషయంలో వివక్ష చూపరాదని రిజర్వ్ బ్యాంకు 2003లోనే చెప్పింది. దరఖాస్తు తీసుకుంటే రసీదు ఇవ్వాలి. తిరస్కరిస్తే, మొత్తం ఎంతైనా సరే, కారణం రాతపూర్వకంగా తెలపాలని 2007లో స్పష్టం చేసింది.

ఇక్కడ మన సంఘాలకు తగిలే ముల్లు ఒకటుంది. ఎస్సీల దరఖాస్తును బ్రాంచి స్థాయిలో తిరస్కరించకూడదు, పై అధికారే ఆ నిర్ణయం తీసుకోవాలి. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మాల, మాదిగ కుటుంబాల నుండి క్రీస్తును అంగీకరించినవారు మన రాష్ట్రంలో బీసీ-సీ. ఒకే చాప మీద కూర్చుని ప్రభు సంస్కారంలో పాలుపొందే ఇద్దరిలో ఎస్సీ సర్టిఫికెట్టు ఉన్నవారి దరఖాస్తు పైకి వెళ్లాలి, బీసీ-సీ ఉన్నవారిది బ్రాంచిలోనే ఆగిపోవచ్చు. పేట ఒకటే, ఇల్లు ఒకలాంటిదే. ఇది అన్యాయమని మా అభిప్రాయం.

ప్రతి తిరస్కరణా వివక్ష కాదు. పాత బాకీ ఉండవచ్చు, సిబిల్ స్కోరు తక్కువ కావచ్చు, ఇంటి స్థలానికి సరైన దస్తావేజులు లేకపోవచ్చు. ఆ కారణం కాగితం మీద ఉంటే దాన్ని సరిదిద్దుకుని మళ్లీ వెళ్లవచ్చు. లేకపోతే అప్పు ఎందుకు రాలేదో తెలియక వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతాము.

కాబట్టి దరఖాస్తు రాసే ఇచ్చి, రసీదు అడగండి. కాదంటే కారణం రాసివ్వమనండి. ఇవ్వకపోతే ముందు బ్యాంకుకే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా పంపవచ్చు. అప్పు ఇచ్చి తీరమని ఆయన ఆదేశించరు. రసీదు, కారణం ఇవ్వలేదన్న ఫిర్యాదు మాత్రం చేయవచ్చు.

సంఘ పెద్దలకు ఒక మనవి. కానుకల లెక్కల పుస్తకం పక్కనే మరో నోటుపుస్తకం పెట్టండి. పేర్లు వద్దు. అడిగిన తేదీ, బ్రాంచి, మొత్తం, ఏ సర్టిఫికెట్టు, వచ్చిన జవాబు రాస్తే చాలు. ఏడాది తిరిగాక మాకు పంపితే కలిపి చూసి ఈ పేజీలోనే ప్రచురిస్తాము.