క్రాన్‌బెర్రీ దొరకకుంటే వాక్కాయ

డాలస్‌లో ఉండే మా చెల్లె నవంబర్ నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్ విందుకు, క్రాన్‌బెర్రీ సాస్ వండుతది. 340 గ్రాముల పండ్లు, కప్పు చక్కెర, కప్పు నీళ్లు. పది నిమిషాల్లో పండ్లు పటపటా పగుల్తయి. దించినప్పుడు పల్చగనే ఉంటది, చల్లారితే గడ్డకడుతది. పండులోని పెక్టిన్ మహిమ అది.

ఆర్మూర్‌లో మాకు క్రాన్‌బెర్రీ ఎక్కడిది? వానకాలపు వాక్కాయ ఉంది. రెంటికీ చుట్టరికం లేదు గానీ గుణాలు కలుస్తయి: పులుపు, ఎరుపు, పెక్టిన్. బేకరీ కేకు మీద చెర్రీ అనుకొని తినేది చాలాసార్లు రంగేసి పాకంలో ఊరేసిన వాక్కాయే.

వినాయక చవితికి నేను పావుకిలో ఎర్రబారిన కాయలు తీసుకుంట. చేతులకు నూనె రాసుకోవాలె, లేకుంటే పాలు జిగురుగ అంటుకుంటయి. చీల్చి గింజలు తీసి, అరకప్పు నీళ్లతో మెత్తగ ఉడికినంక కప్పు చక్కెర, అల్లం ముక్క, చిటికెడు ఉప్పు. స్టీలు గిన్నెలోనే, పులుపుకు అల్యూమినియం పనికిరాదు. చల్లటి పళ్లెంలో చుక్క వేస్తే జారకుండ నిలవాలె, వెంటనే దించాలె. ఇంకా ఉడికిస్తే బంకైతది.

పసుపు పండించే ఊరోళ్లం, దేంట్లనైనా చిటికెడు వేయకుంటే చెయ్యి ఊకోదు. ఇందుల మాత్రం వద్దు, ఆ ఎరుపంతా చెడుతది.

గారెల్లోకి బాగుంటది. మటన్ వేపుడుకు ఇంకా బాగుంటది, చవితినాడు కాదనుకోండి. చెల్లె మాత్రం అక్కడ మిగిలిన క్రాన్‌బెర్రీలు కందిపప్పులో వేసి, ఎల్లిపాయ తాలింపు పెడుతది.