డిజిటల్ మార్కెటింగ్‌లో విషయాన్వేషణ

డిజిటల్ మార్కెటింగ్‌లో విషయాన్వేషణ అనగా ఒక సంస్థ తన వెబ్‌సైటులోను, యూట్యూబ్ వంటి వేదికలలోను ప్రచురించే వ్యాసాలకు, వీడియోలకు తగిన విషయాలను వెదకి ఎంచుకొనే పని. మామూలు ప్రకటన సరుకును కొనమని నేరుగా అడుగుతుంది. ఈ పద్ధతిలో మాత్రం కొనుగోలుదారుకు పనికివచ్చే సమాచారాన్ని ముందుగా ఉచితంగా అందించి, దానివల్ల కలిగిన నమ్మకం ఆధారంగా వ్యాపారం సాగిస్తారు. దీనికే కంటెంట్ మార్కెటింగ్ అని పేరు. వ్రాయడం కంటె ఏమి వ్రాయాలో తేల్చుకోవడమే ఇందులో కష్టమైన భాగం. అమ్మేవారికి చెప్పాలనిపించే విషయాలు వేరు, కొనేవారు తెలుసుకోగోరే విషయాలు వేరు కావడమే ఇందుకు కారణం.

చరిత్ర

అంతర్జాలం రాకముందే ఈ పద్ధతి వాడుకలో ఉంది. అమెరికాలో వ్యవసాయ పనిముట్లు తయారుచేసే డీర్ అండ్ కంపెనీ 1895లో 'ది ఫర్రో' అనే పత్రికను ప్రారంభించింది. ఫర్రో అంటే నాగటిచాలు. కాలక్రమేణా ఈ పత్రికలో సంస్థ సొంత యంత్రాల ప్రశంస కంటె సేద్యపు సమస్యలకే ఎక్కువ చోటు లభించింది. ఇది నేటికీ వెలువడుతున్నది.

ఫ్రాన్సులో టైర్లు తయారుచేసే మిషెలిన్ సోదరులు 1900లో వాహనచోదకుల కోసం ఒక మార్గదర్శిని ముద్రించి ఉచితంగా పంచారు. ఆనాటికి ఆ దేశంలో ఉన్న కార్లు మూడువేలకు మించవు. ముద్రించిన ప్రతులు మాత్రం దాదాపు 35,000. టైరు మార్చే విధానం, పటాలు, మరమ్మతు చేసేవారి చిరునామాలు, పెట్రోలు దొరికే చోట్లు, బస చేయదగిన హోటళ్ళు అందులో ఉండేవి. దారిలో మనిషికి ఎదురయ్యే ఇబ్బందులనే విషయసూచికగా మార్చడం ఇందులోని కీలకం. జనం ఎంత ఎక్కువగా ప్రయాణిస్తే టైర్లు అంతగా అరుగుతాయన్నది వ్యాపార రహస్యం. రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే నేటి ప్రసిద్ధ మిషెలిన్ గైడు దీని నుండి పెరిగినదే.

ప్రశ్నలు దొరికే చోట్లు

విషయాలకు అన్నిటికంటె నమ్మదగిన ఆధారం కొనుగోలుదారులు అడిగే ప్రశ్నలు. ఇంటికి నీటి శుద్ధి యంత్రం కొనదలచినవారు ఎంత నీరు వృథాగా పోతుంది, ఫిల్టరు ఎన్నాళ్ళకు మార్చాలి, దానికి ఎంత ఖర్చవుతుంది, మునిసిపల్ నీటికి అసలు ఈ యంత్రం అవసరమా అని అడుగుతారు. అమ్మకపుదారుల వెబ్‌సైట్లలో తరచు కనిపించేది యంత్రపు గొప్పతనమే. దుకాణంలో బల్ల దగ్గర నిలబడే గుమాస్తాకు, ఫోను ఎత్తే ఉద్యోగికి, మరమ్మతుకు ఇళ్ళకు వెళ్ళే మెకానిక్కుకు ఈ ప్రశ్నలన్నీ కంఠస్థం. వారిని కూర్చోబెట్టి అడిగి ఒక నోటు పుస్తకంలో వ్రాసుకుంటే ఏడాదికి సరిపడా విషయాలు దొరుకుతాయి. చాలా సంస్థలు ఈ సులువైన పని చేయకుండానే ఖరీదైన సాఫ్టువేరు కొంటాయి.

సెర్చ్ ఇంజన్లు రెండవ ఆధారం. గూగుల్‌లో కొన్ని అక్షరాలు టైపు చేయగానే మిగిలిన పదాలను సూచించే సౌకర్యం 2004లో ప్రయోగాత్మకంగా మొదలై, 2008లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇతరులు తరచు వెదికే మాటలు ఇందులో కనిపిస్తాయి. 2006లో వచ్చిన గూగుల్ ట్రెండ్స్ ద్వారా ఒక పదాన్ని ఏ నెలలో, ఏ రాష్ట్రంలో ఎక్కువగా వెదుకుతున్నారో పోల్చి చూడవచ్చును. సెర్చ్ కన్సోల్ అనే మరొక ఉచిత సాధనం, పాఠకులు ఏయే మాటలు వెదికినప్పుడు తమ వెబ్‌సైటు ఫలితాలలో కనబడిందో దాని యజమానికి చూపుతుంది. తాము సమాధానమివ్వని ప్రశ్నకు తమ పేజీ కనబడుతూ ఉంటే, తరువాతి వ్యాసం దేనిమీద వ్రాయాలో తెలిసిపోయినట్లే.

రివర్ పూల్స్ ఉదాహరణ

ఈ విషయంలో తరచు ఉదహరించబడేది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి చెందిన రివర్ పూల్స్ అండ్ స్పాస్ సంస్థ. ఇది ఇళ్ళ పెరళ్ళలో ఫైబర్‌గ్లాస్ ఈతకొలనులు అమర్చే చిన్న సంస్థ. 2008 చివరలో ఆర్థిక మాంద్యం రాగానే ఒప్పందం చేసుకున్నవారు సైతం వెనుకకు తగ్గారు. సంస్థ మూతపడే స్థితికి వచ్చింది. ప్రకటనలకు వెచ్చించడానికి డబ్బు లేదు. భాగస్వాములలో ఒకరైన మార్కస్ షెరిడన్, తనను కొనుగోలుదారులు అంతవరకు అడిగిన ప్రశ్నలన్నీ జాబితాగా వ్రాసుకొని, ఒక్కొక్క ప్రశ్ననే శీర్షికగా పెట్టి 2009 నుండి సమాధానాలు వ్రాయసాగాడు.

వాటిలో మొదట చెప్పవలసినది కొలను ధర గురించిన వ్యాసం. ఆ వ్యాపారంలో ధరను బహిరంగంగా చెప్పే ఆచారం లేదు. షెరిడన్ కూడా ఒకే అంకె చెప్పలేదు. ధర ఏయే కారణాల వల్ల పెరుగుతుందో, తగ్గుతుందో, సుమారు ఏ పరిధిలో ఉంటుందో వివరించాడు. ఆ మాత్రం చెప్పినవారు ఇతరులు లేకపోవడంతో గూగుల్‌లో ధర కోసం వెదికినవారు అతని పేజీకి చేరారు. ఫైబర్‌గ్లాస్ కొలనులలోని లోపాలపైన కూడా అతడు వ్రాశాడు. రిచ్‌మండ్ నగరంలో ఉత్తమ కొలను నిర్మాతలెవరన్న వ్యాసంలో పోటీదారుల పేర్లే ఇచ్చి తన సంస్థ పేరును చేర్చలేదు. ఇది సాధారణ వ్యాపారికి మింగుడుపడని సంగతి. సంస్థ నిలదొక్కుకున్నది, తరువాత సొంతంగా కొలనుల తయారీ కూడా చేపట్టింది. ఈ అనుభవాన్ని షెరిడన్ 2017లో 'దే ఆస్క్, యు ఆన్సర్' అనే పుస్తకంగా వెలువరించాడు.

డిమాండ్ మీడియా ఉదాహరణ

ప్రశ్నలు దొరికినంత మాత్రాన సరిపోదనడానికి దాదాపు అదే కాలంలో మరొక నిదర్శనం ఉంది. 2006లో ప్రారంభమైన డిమాండ్ మీడియా అనే అమెరికా సంస్థ, జనం వెదికే మాటలను, వాటికి పలికే ప్రకటనల ధరను కంప్యూటరు ద్వారా లెక్కించి వ్యాస శీర్షికలను తయారుచేసేది. వాటిని బయటి రచయితలకు పంచి, ఒక్కొక్క వ్యాసానికి సుమారు 15 డాలర్లు చెల్లించేది. వ్రాసేవారికి ఆ విషయంలో అనుభవం ఉండాలన్న నియమం లేదు. 2011 జనవరిలో ఈ సంస్థ షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలోకి వచ్చాయి. మరుసటి నెలలోనే గూగుల్, పసలేని పేజీలను వెనుకకు నెట్టే మార్పును అమలు చేయడం మొదలుపెట్టింది. నవనీత్ పాండా అనే ఇంజనీరు పేరు మీదుగా దీనిని పాండా అని పిలుస్తారు. డిమాండ్ మీడియా వారి ఈహౌ వెబ్‌సైటు కూడా దీనివల్ల దెబ్బతిన్నది. సంస్థ 2016లో పేరు మార్చుకోవలసి వచ్చింది.

షెరిడన్ కూడా జనం అడిగే ప్రశ్నలనే తీసుకున్నాడు. అయితే గోతులు త్రవ్వించి కొలనులు దింపిన అనుభవం అతనికి ఉంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత శీర్షికల జాబితా తయారుచేయడం క్షణాల పని అయింది. కాని ఒకే ప్రశ్న వేసిన పదిమంది వ్యాపారులకు దాదాపు ఒకే జాబితా వస్తుంది. పాఠకులకు ఉపయోగపడని పేజీలను కుప్పలుగా తయారుచేయడాన్ని, అవి యంత్రం వ్రాసినా మనిషి వ్రాసినా, గూగుల్ 2024 మార్చిలో నియమ విరుద్ధంగా ప్రకటించింది.

తెలుగులో

తెలుగు పాఠకుల కోసం విషయాలు వెదికేవారికి అదనంగా ఒక చిక్కు ఉంది. ఒకే వస్తువుకు ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది. వేరుశనగను తెలంగాణలో పల్లీ అంటారు. రాయలసీమలో శెనక్కాయలు, బుడ్డలు అనే మాటలున్నాయి. సొరకాయ కోస్తాలో పలుచోట్ల ఆనపకాయ అవుతుంది. విత్తనాలు అమ్మే సంస్థ ఒక్క మాటతోనే లెక్క చూసుకుంటే మిగిలిన ప్రాంతాల రైతులు వెదకడంలేదని పొరపడుతుంది. పైగా చాలామంది తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంతో వారు టైపు చేస్తారు. అందువలన సాధనాలు చూపే అంకెలు అనేక ముక్కలుగా చీలి, అసలు ఉన్న ఆసక్తి కంటె తక్కువగా కనిపిస్తాయి. ఫోనుకు నోటితో చెప్పి వెదికేవారి మాటలు మరింత ప్రాంతీయంగా ఉంటాయి. వ్యాసంలో మొదటిసారి వచ్చినప్పుడే రెండు మూడు ప్రాంతాల పేర్లు కలిపి వ్రాయడం ఇందుకు తేలికైన ఉపాయం. రైతులు, వినియోగదారులు ఫోనులో పలికిన మాటలను దిద్దకుండా వ్రాసుకోవడం కూడా ఈ కారణంచేతనే ముఖ్యమైనది.