మూడు భాషలు... ఒకే చెవి

మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు తాకే జుక్కల్ ప్రాంతంలో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపిస్తాయి. మరి ఇక్కడ పెరిగిన శ్రోత ఏ ఆల్బమ్‌కి ఓటేస్తాడు?

'శంకరాభరణం' (1980) వరుసగా వినాల్సిందే. ఒక్క పాట విడదీస్తే సగం రుచే! 'సైరాట్' (2016) కోసం అజయ్-అతుల్ హాలీవుడ్ వాద్యబృందంతో రికార్డు చేయించారు. అయినా మనసులో నిలిచేది పల్లె ఊపే.

మొదటి ఓటు మాత్రం భీమ్‌సేన్ జోషీ అభంగాలకే. గదగ్‌లో 1922లో పుట్టిన కన్నడిగుడు మరాఠీలో విఠలుణ్ని పిలుస్తుంటే, అర్థం తెలియని తెలుగువాడికీ కళ్లు చెమరుస్తాయి.

ఇప్పుడు ఫోన్ అలవాటైన పాటనే మళ్లీ మళ్లీ అందిస్తోంది. పక్క భాషను వెతుక్కోవాల్సింది శ్రోతే. సరిహద్దు రాళ్లు రోడ్డుకే గానీ చెవికి కాదుగా!