పోనీలే అనొద్దు!

2021 జనవరి 22. తమిళనాడులోని హోసూరు బాగలూరు రోడ్డులో ఉన్న ముత్తూట్ ఫైనాన్స్ శాఖలోకి తుపాకులతో ఒక ముఠా చొరబడింది. సిబ్బందిని బెదిరించి దాదాపు 25 కిలోల బంగారం మూటగట్టుకుని వెళ్ళిపోయింది. పేరుకు అది కంపెనీ లాకరే. లోపలున్నవి మాత్రం ఎందరో ఇల్లాళ్ళు అవసరానికి కుదువపెట్టిన గాజులు, గొలుసులు. నగల సంచిలో ఉన్న జీపీఎస్ పరికరం దొంగలు వెళ్ళిన దారి చూపింది. తమిళనాడు, కర్ణాటక, తెలంగాణ పోలీసులు ఒకరికొకరు కబురందించుకున్నారు. దాదాపు 600 కిలోమీటర్ల అవతల, హైదరాబాద్ శివార్లలో, సైబరాబాద్ పోలీసులు మరునాడే ముఠాను పట్టుకున్నారు. బంగారం దొరికింది.

రాష్ట్రాల సరిహద్దు దొంగకు రక్షణ కాదని ఆ ఒక్క రోజు తేల్చి చెప్పింది. మరి అదే హోసూరులో, మూకండపల్లి వీధిలో ఒక ఆడమనిషి మెడలోంచి రెండు సవరన్ల గొలుసు తెంపుకుపోతే? చుట్టూ చేరినవాళ్ళు నీళ్ళు తాగించి, వీపు నిమిరి చెప్పే మాట ఒకటే: “పోనీలేమ్మా, ప్రాణం దక్కింది కదా.” ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ దొంగకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేదీ ఆ మాటే.

షిఫ్టు వదిలే వేళ

1970లలో సిప్కాట్ పారిశ్రామిక వాడ వచ్చాక మూకండపల్లి పొలాల ఊరు కాస్తా ఫ్యాక్టరీల ఊరైంది. తెలుగు, తమిళం, కన్నడం ఇక్కడ ఎప్పటినుంచో ఇరుగుపొరుగు. ఇప్పుడు వాటికి ఉత్తరాది కార్మికుల హిందీ తోడైంది. రాత్రి షిఫ్టు ముగించుకుని నడిచి వచ్చేవాళ్ళు, తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరేవాళ్ళు, చేతిలో ఫోను పట్టుకుని మాట్లాడుకుంటూ గదికి వెళ్ళే కుర్రాళ్ళు ఎందరో. బైకు మీద వచ్చే ఇద్దరికి కావలసింది దీపం లేని ఒక మలుపు, అర నిమిషం సమయం. పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి. జూజువాడి దాటితే అత్తిబెలె, అంటే కర్ణాటక.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటారు. ఇక్కడ ఆరు నెలలు కాదు, ఆరు నిమిషాలే ఎక్కువ. అందుకే మొదటి పని 112కు ఫోన్ చేయడం. బండి రంగు, ఎటు పోయారు, ఎన్ని నిమిషాలైంది అన్న మూడు ముక్కలు చాలు. కెమెరాల్లో పాత దృశ్యాలు కొన్నాళ్ళకు వాటంతటవే చెరిగిపోతాయి. ఏ దుకాణం ముందు కెమెరా ఉందో ఆ రోజే చూసి చెప్పాలి.

రసీదు వేరు, ఎఫ్ఐఆర్ వేరు

తమిళనాడు స్టేషన్లలో ఫిర్యాదు ఇస్తే తరచుగా ముందు చేతికొచ్చేది సీఎస్ఆర్ రసీదు. చాలామంది దాన్ని మడిచి బీరువాలో పెట్టుకుని కేసు నడుస్తోందనుకుంటారు. అది ఫిర్యాదు అందిందన్న గుర్తు మాత్రమే. దర్యాప్తుకు పునాది ఎఫ్ఐఆర్. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన (కాగ్నిజబుల్) నేరం జరిగిందని ఫిర్యాదులోనే కనిపిస్తుంటే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరులో తీర్పు చెప్పింది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను మరో మేలు చేసింది. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ‘అది మా హద్దు కాదు, అవతలి రాష్ట్రానిది’ అని తిప్పి పంపే వీలు లేదు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అదే సంహిత ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలపాలి.

నోటిమాటగా చెప్పినా రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాలి అని కూడా చట్టం అంటోంది. మూకండపల్లి తెలుగువాళ్ళకు ఈ వాక్యం ప్రాణం లాంటిది. తమిళం ధారాళంగా మాట్లాడే పెద్దవాళ్ళలో చదవలేనివాళ్ళు ఉన్నారు. వేలిముద్రకో సంతకానికో ముందు “ఒకసారి చదివి వినిపించండి సార్” అని అడగడం తప్పు కాదు, హక్కు.

గాయాన్ని రాయించండి

భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షను లాక్కుపోవడాన్ని విడి నేరంగా గుర్తించింది. శిక్ష మూడేళ్ళ దాకా. అయితే ఇలాంటి నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటు పోలీసులకు ఉంది. అదే దొంగతనం కోసం గాయపరిచినా, కత్తి చూపి భయపెట్టినా అది 309 కింద దోపిడీ. శిక్ష పదేళ్ళ దాకా. చీకటి పడ్డాక, తెల్లవారేలోగా రహదారి మీద జరిగితే 14 ఏళ్ళ దాకా. అందుకే మెడ మీద గొలుసు కోసిన గీతనూ, కిందపడి చెక్కుకుపోయిన మోకాలినీ ఫిర్యాదులో రాయించాలి. ప్రభుత్వాసుపత్రిలో చూపించి ఆ కాగితం దాచుకోవాలి. సిగ్గుపడి కొంగు కప్పుకున్న గాయం కోర్టుకు కనబడదు.

గొలుసు కాక ఫోను పోతే ముందు సిమ్ ఆపించాలి, బ్యాంకుకు చెప్పాలి. ఖాతాలో డబ్బు కదిలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదు నకలు, ఫోను గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరు ఉంటే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ ద్వారా ఆ ఫోను దేశంలో ఎక్కడా పనిచేయకుండా ఆపొచ్చు. అందులో ఎవరైనా వేరే సిమ్ వేస్తే ఆ ఆచూకీ పోలీసులకు చేరుతుంది. ఐఎంఈఐ నంబరు ఈ రోజే ఇంట్లో రాసిపెట్టుకోండి.

తలుపు తెరవకపోతే

స్టేషన్‌లో నమోదు చేయకపోతే కృష్ణగిరి జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. వకీలు ఖర్చుకు భయపడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలకూ, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకూ ఉచిత న్యాయసహాయం ఇస్తోంది. ఫోన్ నంబరు 15100.

దొరికిన నగ కేసు తేలేదాకా స్టేషన్‌లోనే మగ్గాలన్న నియమమూ లేదు. ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకుని త్వరగా సొంతదారులకు ఇవ్వాలని సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కొన్న బిల్లు, లేదంటే ఆ గొలుసు వేసుకుని పెళ్ళిలో దిగిన ఫొటో అప్పుడు అక్కరకొస్తుంది.

బాగలూరు రోడ్డు బంగారం ఎవరిదో చెప్పడానికి తాకట్టు రసీదులున్నాయి. వీధిలో తెగిన గొలుసును దాని సొంతదారుతో ముందుగా ముడివేసేది ఎఫ్ఐఆరే. రేపు ఏ ఊళ్ళోనో ఒక దొంగ పట్టుబడి, అతని సంచిలో పది గొలుసులు బయటపడితే, పోలీసులు వెతికేది ఏ స్టేషన్‌లో ఏ ఫిర్యాదు ఉందనే. ఫిర్యాదు లేని గొలుసు కళ్ళ ముందున్నా ఎవరిదీ కాకుండా పోతుంది. పది తెంపినవాడు ఒక్కటే తెంపినట్టు కోర్టులో నిలబడతాడు.

కాబట్టి పక్కింటి అక్క వణుకుతూ వచ్చి గడపలో కూలబడితే నీళ్ళివ్వండి, వీపు నిమరండి. ఆ తరువాత పోనీలే అనకండి. చెప్పులేసుకుని, “లెయ్యక్కా, నేనూ వస్తా, స్టేషనుకు పోదాం” అనండి.