కాటుక రేకుల పొడ

కార్తిక శుద్ధ చవితినాడు మన స్త్రీలు తలంటి స్నానముచేసి, చలిమిడియు, చిమ్మిలియు, ఆవుపాలును గొని పుట్టకడకు బోయి, నాగేంద్రుని పూజించి, తమ బిడ్డలను చల్లగా జూడుమని వేడుకొందురు. కొన్ని తావుల నీ పండుగ శ్రావణమాసమున జరుగును. మరునాడు దొడ్డిలో పాము కనబడెనా, కఱ్ఱలు తెండని కేకలు వేయుదుము. పూజించుటకును చంపుటకును నడుమ మనము మఱచిన పని యొకటి కలదు. పామును గుర్తెఱుగుటయే యది. పాములన్నియు నొక్కటే యని తలచు నింట భయము హెచ్చు, జాగ్రత్త తక్కువ.

మన పూర్వులకు ఈ గుర్తింపు చక్కగా నుండెను. ఇందులకు సాక్ష్య మొక ఆంగ్లగ్రంథమున నున్నది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు విశాఖపట్టణమునకు వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమింపబడెను. పాముకాటు భయ మీ సీమలో మిక్కుటముగా నుండుట జూచి, విషముగల పామేదో, విషములేని పామేదో సామాన్యులకు తెలియునట్లు చేయవలెనని ఆయన సంకల్పించెను. పాములను సేకరించి, వాని బొమ్మలు వ్రాయించి, విషములను పరీక్షించి, 1796లో లండనునందు గ్రంథమును ప్రకటించెను. అందలి పేరులలో పెక్కు మన తెలుగు పేరులే.

వానిలో నొకటి కాటుక రేకుల పొడ. మనము రక్తపింజర యని పిలుచునది యిదియే. గోధుమవన్నె మేనిపై మూడు వరుసలుగా నల్లని యంచుగల మచ్చలు గొలుసువలె సాగియుండును. తరువాతి శాస్త్రజ్ఞులు దీనికి రస్సెల్ పేరు పెట్టిరి. ఆ గ్రంథమందే కనవచ్చు 'బంగారు పాము' అను మాటనుండి కట్లపాముల జాతికంతకును 'బంగారస్' అను శాస్త్రనామ మేర్పడెను. 1963లో తైవాను ద్వీపమున చాంగ్, లీ అను శాస్త్రజ్ఞులు అచ్చటి కట్లపాము విషమునుండి యొక పదార్థమును వేరుచేసిరి. దానికి 'బంగారోటాక్సిన్' అని పేరువచ్చెను. మయస్థీనియా గ్రేవిస్ అను వ్యాధిలో కనురెప్పలు వాలి, కండరములు నీరసించును. నరము పంపు నాజ్ఞను కండరమున నందుకొను స్థానములు ఆ రోగులయందు తగ్గిపోవునని 1973లో ఈ పదార్థపు సాయముననే వైద్యులు కనుగొనిరి. విశాఖపట్టణపు తెలుగుమాట యిట్లు వైద్యశాలలలోనికి నడచినది.

ఇంతకును విషమనగా నేమి? పాము నమలలేదు, చేతులు లేవు, కాళ్లు లేవు. పట్టిన యెలుక పెనుగులాడక లొంగుటకై దాని నోటి గ్రంథులలో నూరునదియే విషము. మనుష్యుడు దానికి ఆహారము కాడు. త్రొక్కినప్పుడో, చేయిపడినప్పుడో, బెదరినప్పుడో మాత్రమే కాటువేయును.

మన దేశమున ప్రాణములు హెచ్చుగా తీయునవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మొదటి రెండింటి విషము నరములను పట్టి, ఊపిరిని ఆపును. పింజరల విషము రక్తమును చెరచి, నెత్తురు కాఱునట్లు చేయును. రక్తపింజర కాటున మూత్రపిండములును చెడవచ్చును. వీనిలో గృహిణి ముఖ్యముగా తెలిసికొనవలసినది కట్లపాము. నిగనిగలాడు నల్లని మేనిపై సన్నని తెల్లని కట్లుండును. అది రాత్రివేళ ఇల్లు జొచ్చి, నేలపై నిదురించువారిని కఱచును. నొప్పి దాదాపు లేదు, వాపు లేదు, కఱచినట్లే తెలియకపోవచ్చును. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి యని లేచి, కన్నులు తెఱవలేకపోయినచో, అజీర్ణమనుకొని వాము నమిలించుచు కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

నాగుపాము, కట్లపాముల కుటుంబమునుండియే సముద్రపు పాములును పుట్టినవి. లక్షల యేండ్ల క్రిందట నేలపాములు కొన్ని కడలి జేరగా, కాలక్రమమున వాని తోక తెడ్డువలె వెడల్పయ్యెను, ముక్కురంధ్రములకు మూతలేర్పడెను, నాలుకక్రింది గ్రంథి ఉప్పును వెలికి గ్రక్కును. అయినను మొప్పలు లేవు గాన ఊపిరికై నీటిపైకి రావలసినదే. ఇవి చేపలవలలో చిక్కి, ఊపిరాడక చచ్చుచున్నవి; వలదీయు జాలరులును వీనిచేత కాటుబడుచున్నారు. పై నాలుగు పాములకై చేసిన మందు దీని విషమునకు ఉద్దేశింపబడినది కాదు. కావున సముద్రతీరపు సోదరీమణులు తమవారికి చెప్పవలసిన మాట: వలలోని పామును చేతితో తీయరాదు, కఱ్ఱతో తప్పించి నీటిలోనికి విడువవలెను.

2020లో వెలువడిన యొక పరిశోధన ననుసరించి, 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరి. అనగా ఏటికి సగటున 58,000 మంది. అందు సగము మరణములు జూను, సెప్టెంబరు నెలల నడుమనే. మరణములు మిక్కిలిగా గల యెనిమిది సీమలలో తెలంగాణతో గూడిన ఆంధ్రదేశ మొకటి. మందు లేకనా ఇందఱు చచ్చుట? మందు 1895లోనే పుట్టినది. ఫ్రాన్సుదేశపు ఆల్బెర్ట్ కాల్మెట్ దానిని తయారుచేసెను. గుఱ్ఱమునకు విషమును కొలదికొలదిగా నెక్కించి, దాని రక్తమునుండి తీయు విషహరమే యది. మందున్న చోటికి రోగి సకాలమున చేరకపోవుటయే పెద్ద యాపద.

మంత్రముతో బ్రతికినవారు లేరా యని అడుగుదురు. కలరు. కఱచిన పాములలో పెక్కింటికి విషమే లేదు. విషముగల పామును ఒక్కొక్కప్పుడు విషము దింపకయే కఱచును. అట్టివారు మంత్రము లేకున్నను బ్రతుకుదురు. నిజముగా విషమెక్కినవానికి మంత్రగాని యింట గడచిన గంటయే యముడు.

కాటుపడినవారిని నడువనీయక పరుండబెట్టవలెను. వాపు రాకమునుపే గాజులు, ఉంగరములు, మెట్టెలు తీసివేయవలెను. విఱిగిన యెముకకువలె బద్దకట్టి అవయవమును కదలనీయరాదు. త్రాడు బిగించుట, గాయమును కోయుట, నోటితో పీల్చుట, పసరు పోయుట కూడదు. పామును వెదకుచు కాలము పోగొట్టక, 108కు ఫోను చేసియైనను, దొరకిన బండిలోనైనను ఆసుపత్రి చేరవలెను.

కాటు రాకుండ జూచుకొనుట మన చేతిలోని పని. వానకాలమున నేలపై గాక మంచముపై, దోమతెర యంచులు పఱుపుక్రింద దోపి, నిదురించవలెను. రాత్రి దొడ్డిలోనికి దీపము లేనిదే పోరాదు. పిడకల కుప్పలోను, కట్టెల మోపులోను చూడక చేయిపెట్టరాదు. గింజలు చిందియున్న యింటికి ఎలుకలు, ఎలుకలకై పాములు వచ్చును. పొలమున నీ యెలుకలను దిని పంటను కాచునది పామే. నాగుపాము, రక్తపింజర మొదలగువానిని చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము కూడ.

చెన్నపట్టణము చేరువ వడనెమ్మేలిలో ఇరుల తెగవారు 1978లో సహకారసంఘ మొకటి స్థాపించిరి. పామును చంపక పట్టి, విషము పితికి, తిరిగి విడుతురు. ఆ విషమునుండియే మందు తయారగుచున్నది. ఆ తెగకు చెందిన పాములుపట్టువా రిద్దఱికి 2023లో పద్మశ్రీ బిరుదమిచ్చిరి. పాము బ్రతికియున్ననే మనకు మందు.

పాలు పోసినను పామునకవి ఆహారము కావు. పండుగనాడు పుట్టకడ మ్రొక్కి వచ్చిన తల్లి, ఆ సాయంకాలము పిల్లలను చేరబిలిచి కట్లపాము గుర్తేదో, కాటుక రేకుల పొడ గుర్తేదో, కఱచినచో నేమి చేయవలెనో చెప్పినయెడల, బిడ్డలను చల్లగా జూడుమన్న మ్రొక్కు ఆమె చేతనే నెఱవేఱును.