వ్యాన్‌లో ఇంకో ఇద్దరికి పడక

మీరు వ్యాన్‌ని చిన్న ఇల్లుగా మార్చుకున్నారు. వెనక ఇద్దరికి సరిపోయే మంచం వేశారు. ఈ వేసవిలో యోసెమిటీకి వెళ్దామనుకున్నారు. అంతలో అవ్వ "నేనూ వస్తాను" అంది. చిన్నవాడు "నేను అవ్వ దగ్గరే పడుకుంటాను" అన్నాడు. ఇప్పుడు మీరు నలుగురు. ఎవరు ఎక్కడ పడుకోవాలి?

మన పెద్దలకి ఈ లెక్క కొత్త కాదు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీ వెళ్ళిన గిర్మిటియాలు చెరకు తోటల్లో "లైన్లు" అనే పొడవాటి కొట్టాల్లో బతికారు. అప్పటి గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్ళు ఉండేవాళ్ళు. లేకపోతే భార్యాభర్తలు, వాళ్ళ పిల్లలు. మీ వ్యాన్ నేల కూడా ఇంచుమించు అంతే. ముందు సీట్ల వెనక 10 నుంచి 13 అడుగుల పొడవు, సుమారు 6 అడుగుల వెడల్పు ఉంటుంది. వాళ్ళ గదిని తోట యజమాని కొలిచి ఇచ్చాడు. మీ గదిని మీరే కొలుచుకోవచ్చు. కాబట్టి టేపు తీసుకుని మొదలుపెట్టండి.

ముందు సీటు, తర్వాత పడక

నాలుగు పడకలు ఉంటే చాలదు. నాలుగు సీట్లు, నాలుగు బెల్టులు కూడా ఉండాలి. సామాన్ల కోసం చేసిన వ్యాన్లలో మామూలుగా ముందు రెండు సీట్లే వస్తాయి. బండి నడుస్తున్నప్పుడు మంచం మీద ఎవరూ పడుకోకూడదు. కాలిఫోర్నియాలో 8 ఏళ్ళ లోపు పిల్లలు వెనక సీటులో, పిల్లల సీటులోగానీ బూస్టర్‌లోగానీ కూర్చోవాలి. వెనక సీటు బిగించే పని తెలిసినవాళ్ళకే ఇవ్వండి. అది ఎక్కడ వస్తుందో తేలాకే పడకల సంగతి చూడండి.

మూడు పాత మాటలు, మూడు పడకలు

మొదటి మాట "అరుగు". ఊళ్ళో ఇంటి ముందు కూర్చోవడానికి కట్టిన గట్టుని అరుగు అంటారు. పగలు దాని మీద కబుర్లు, రాత్రి నిద్ర. వ్యాన్‌లో కూడా ఇలాగే చేయవచ్చు. ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యలో మేజా పెట్టండి. రాత్రి మేజాని బల్లల ఎత్తుకి దించి, పైన పరుపు ముక్కలు పరిస్తే మంచం అవుతుంది. అవ్వకి ఇదే మంచి చోటు. నేల నుంచి 18 నుంచి 20 అంగుళాల ఎత్తు ఉంటే ఆవిడ సులువుగా లేచి కూర్చుంటుంది. పక్క తలుపు దగ్గర ఉంటే రాత్రి బయటికి వెళ్ళడం కూడా తేలిక.

రెండో మాట "నవారు". ఇది మంచానికి అల్లే వెడల్పాటి నూలు పట్టీ. నవారు మంచానికి చెక్క పలక ఉండదు. బిగువే దాని బలం. పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్లలో పిల్లల పడక ఇదే పద్ధతిలో ఉండేది. రెండు గొట్టాలకి మందపాటి గుడ్డ తొడిగి, ముందు సీట్ల మీదుగా అడ్డంగా అమర్చేవాళ్ళు. పొద్దున చుట్టి పక్కన పెట్టేయవచ్చు. చిన్నవాడికి ఇది సరదాగా ఉంటుంది. కానీ ఇది పిల్లలకి మాత్రమే, పెద్దవాళ్ళ బరువు ఆపదు.

మూడో మాట "అటక". ఇంటి కప్పు కింద సామాన్లు పెట్టుకునే చోటు అటక. ఎత్తు కప్పు ఉన్న వ్యాన్‌లో వెనక మంచం మీద ఇంకో మంచం వేయవచ్చు. పై మంచానికీ కప్పుకీ మధ్య మీరు కూర్చోగలరా? పెద్దవాళ్ళకి సుమారు 36 అంగుళాలు కావాలి. అంత లేకపోతే అటక పిల్లలకే ఇవ్వండి. పక్కన పడిపోకుండా అడ్డుకర్ర పెట్టండి. కప్పు కోసి పైకి లేచే గుడారం పెట్టించడం ఇంకో దారి. అది ఖర్చుతో కూడిన పని, ఇంట్లో చేసేది కాదు.

అడ్డంగా పడుకుంటే కాళ్ళు పడతాయా?

అడ్డంగా పడుకుంటే నేల చాలా మిగులుతుంది. రామ్ ప్రోమాస్టర్ లోపలి వెడల్పు సుమారు 75 అంగుళాలు. ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్లలో సుమారు 70. గోడకి దూది, పలకలు వేస్తే ఒక్కో పక్క ఒకటి రెండు అంగుళాలు పోతాయి. అమెరికాలో ట్విన్ పరుపు కొలత 38 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు. అంటే ట్విన్ పరుపు కూడా అడ్డంగా పట్టకపోవచ్చు. ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషిని వ్యాన్‌లో పడుకోబెట్టి కొలవండి. ఆ తర్వాతే చెక్క కోయండి.

బియ్యం బస్తాల పరీక్ష

పడక బరువు పలచని రేకు మీద పడకూడదు. గోడ లోపల ఉండే గట్టి ఇనుప పక్కటెముకల మీద పడాలి. బిగించాక మనిషి ఎక్కేముందు బియ్యం బస్తాలు ఎక్కించండి. 20 పౌండ్ల బస్తాలు పది పెడితే 200 పౌండ్లు. పడుకున్న మనిషి కదులుతాడు, పిల్లవాడు గెంతుతాడు. కాబట్టి మనిషి బరువుకి రెండింతలు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున ఎక్కడైనా వంగిందా, బోల్టు కదిలిందా చూడండి.

డ్రైవర్ తలుపు దగ్గర ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి ఎన్ని పౌండ్లు ఎక్కించవచ్చో దాని మీద రాసి ఉంటుంది. అందులోంచి చెక్క, పరుపులు, నీళ్ళు, బ్యాటరీ, నలుగురి బరువు తీసివేయండి. మిగిలేది ఏమీ లేకపోతే కొత్త మంచం వద్దు.

నలుగురి ఊపిరి

నలుగురు పడుకుంటే నలుగురి ఊపిరిలోని తేమ కిటికీల మీద చేరుతుంది. పరుపు కింద పలక పూర్తిగా మూసి ఉంటే అక్కడ బూజు పడుతుంది. సందులున్న పట్టీలు వేయండి. కప్పు మీద ఫ్యాను పెట్టి, ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచండి. చలికి గ్యాస్ పొయ్యి వెలిగించుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. దానికి ఒక అలారం, పొగకి ఒక అలారం తప్పకుండా పెట్టండి. వెనక తలుపు లోపలినుంచి తెరుచుకోవాలి. పడకలన్నీ వేశాక కూడా అవ్వ బయటికి రాగలగాలి.

అయినా చోటు చాలకపోతే?

బయట గుడారం వేయండి. యోసెమిటీలో ఒక్కో చోట ఆరుగురి వరకు ఉండవచ్చు. తినే వస్తువులు మాత్రం అక్కడున్న ఇనుప పెట్టెలో పెట్టాలి, ఎలుగుబంట్లు వస్తాయి. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర గుడారాలూ, గుడ్డ గోడల ట్రైలర్లూ ఒప్పుకోరు. మీ వ్యాన్‌కి గుడ్డ కప్పు ఉంటే ముందే అడిగి వెళ్ళండి.

బయల్దేరే ముందు ఒక శనివారం రాత్రి నలుగురూ మీ ఇంటి ముందే వ్యాన్‌లో పడుకోండి. ఎవరికి చలి వేసింది, ఎవరి మోకాలు తగిలింది, అవ్వ ఎన్నిసార్లు లేచింది, పొద్దున కాఫీ తాగుతూ అడగండి. చెక్క పని సరిచేయడానికి ఆదివారం చేతిలో ఉంటుంది.